గువ్వకి చెవి మిషన్

టైలరమ్మ అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి ముందే అనేసుకుంటే మంచిది, ఎందుకంటే తర్వాత వీధి వీధంతా ఆ ఒక్క మాట పట్టుకునే ఆమెని దుమ్మెత్తిపోసింది. ఆమె అన్నది "ఊఁ" మాత్రమే. అదైనా కుట్టు మిషన్ తలకాయని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, మెట్ల మధ్యలో నిలబడి, నడుము పట్టేస్తుండగా అన్నది.

ఆ రోజే వాళ్లు ఆ ఇంట్లో దిగారు. కింద వాటా ఇంటావిడది. మెట్లెక్కగానే వచ్చే వీధివైపు గదీ, దాని వెనక వంటిల్లూ, మంచం పడితే మనిషి పట్టని ఇంకో గదీ వీళ్లవి. సామాను దింపుతుంటే ఇనప బీరువా గుమ్మానికి తగిలి పెద్ద చప్పుడైంది. కూతురు గువ్వ రెండు చెవులూ గట్టిగా మూసుకుని, మెట్ల పక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. గువ్వ అసలు పేరు కాదు. చిన్నప్పుడు గొంతులో గుర్రుగుర్రుమని కూనిరాగం తీసేదని ఇంట్లో అలా పిలిచారు, అదే ఉండిపోయింది. ఇప్పటికీ తీస్తుంది. మాటలు మాత్రం రాలేదు.

"ఏమ్మా బంగారూ, ఇటు చూడు!" అంది ఇంటావిడ. పిల్ల చూడలేదు. "నిన్నేనే!" అని మళ్లీ అంది. ఆవిడ ఉద్యోగం చేసినంత కాలం బళ్లో డ్రిల్లు టీచరు. ఈల పోతే ఈల కోసం వెతుక్కోకుండా పిల్లల్ని గొంతుతోనే నడిపించిన మనిషి. వీధిలో వెనకాల అందరూ "మైకు పిన్ని" అంటారు, ముందు "పిన్నిగారూ" అంటారు. అంత గొంతుకీ పిల్ల తిరగకపోయేసరికి ఆవిడ మొహం జాలితో కరిగిపోయింది.

"అయ్యో, చెవులు పట్టుకుంది చూడు పాపం. వినపడదా అమ్మా దానికి?"

"ఊఁ," అంది టైలరమ్మ.

మిషన్ దింపి మిగతాది చెబుదామనే అనుకుంది. కానీ దింపి వచ్చేసరికే ఎదురింటి స్టీలు సామాన్ల కొట్టాయన బీరువాకి చెయ్యి వేశాడు. పక్కింటివాళ్లు మంచినీళ్లు పట్టుకొచ్చారు. ఎవరో పిల్ల తల నిమిరారు. పాత వీధిలో ఇన్నేళ్లలో ఒక్కరూ ఆ తల నిమిరింది లేదు. టైలరమ్మ మిగతాది మింగేసింది.

పాత వీధిలో ఆమె నిజమే చెప్పింది. పెద్ద డాక్టరు ఏ పేరు చెప్పాడో ఆ పేరే చెప్పింది, ఆటిజం అని. దానికి వాళ్లడిగినవి: అంటుకుంటుందా? కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? ఫోను చూపించేదానివా? మీ వైపా, మీ ఆయన వైపా? సలహాలిచ్చేవాళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు, సలహా లేనివాళ్లు తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. గువ్వకి చప్పుళ్లు భరించలేక ఏడుపు ముంచుకొస్తే కిటికీలు టపటపా మూసుకునేవి. ఆ మూసే చప్పుడుకి ఇంకా ఏడ్చేది. చివరికి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాట చెప్పడానికి వచ్చినాయన కుట్టడానికిచ్చిన ప్యాంటు కూడా కుట్టకుండానే వెనక్కి పట్టుకుపోయాడు. టైలరమ్మకి అప్పటికే ఏడుపు రావడం మానేసింది. ప్యాంటు మడతపెట్టి మరీ ఇచ్చింది.

చెవుడు అంటే మాత్రం జనానికి అర్థమవుతుంది. అందరి ఇళ్లలో ఎవరో ఒక తాతకో మామ్మకో ఉండేదే. ఇందులో తల్లి తప్పు వెతకాల్సిన పని లేదు. కొత్త వీధి గువ్వని నెత్తిన పెట్టుకుంది. పిల్లల పుట్టినరోజులకి మొదటి పిలుపు గువ్వకే. ఇంటావిడ పాత పలుకుబడి వాడి దగ్గర్లోని బళ్లో చేర్పించింది. అక్కడి టీచరమ్మ కూడా మంచిదే. పాపం వినపడదు కదా, గంట కొట్టినప్పుడు ఆ అదురైనా తెలుస్తుందని, గువ్వని సరిగ్గా గంట పక్కన కూర్చోబెట్టింది.

మంచితనానికి ఈ వీధిలో కరువు లేదు, చిక్కల్లా చప్పుడుతోనే. ఇంటావిడ రోజూ మెట్ల దగ్గర గువ్వని పట్టుకుని, రెండు అరచేతులూ దోనెలా చేసి పిల్ల చెవికి ఆనించి, "గువ్వా! అన్నం తిన్నావా!" అని అరిచేది. స్టీలు కొట్టాయన, పిల్ల రోడ్డు దాటుతుంటే ఏ స్కూటరన్నా గుద్దుతుందేమోనని, గరిటెతో పళ్లెం మీద ఠంగు ఠంగుమని కొట్టి హెచ్చరించేవాడు. వీధి పిల్లలు వంతులేసుకుని మరీ గువ్వ వెనకాల చప్పట్లు కొట్టేవారు. అందరూ కలిసి ఒక పిల్లని ఇంత ప్రేమగా హింస పెట్టడం ఎక్కడా చూడం.

గువ్వకి చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. మిగతావాళ్ల చెవులు వడగట్టి పారేసే చప్పుళ్లన్నీ ఆ పిల్లకి ఒక్కటీ పోకుండా లోపలికి వచ్చేస్తాయి. ముందే తెలిసిన చప్పుడైతే ఫరవాలేదు. కుట్టు మిషన్ బల్ల కింద కాళ్ల దగ్గర కూర్చుని, అది నడిచినంతసేపూ దాని రాగమే తను తీస్తూ, డబ్బాలో బొత్తాలు రంగు ప్రకారం పేరుస్తుంది. చెప్పకుండా మీద పడే చప్పుడంటేనే ప్రాణం పోతుంది. అప్పుడు తన మణికట్టు తనే కొరుక్కుంటుంది.

టైలరమ్మకి ఇదంతా తెలుసు. బడి నుంచి వచ్చినప్పుడల్లా పళ్ల గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఏం చేసింది? పొడుగు చేతుల గౌన్లు కుట్టింది. మణికట్టు దగ్గర రెండు మడతలు వేసి, లోపల మెత్తటి గుడ్డ పెట్టి, గట్టి కుట్టు వేసింది. మెట్ల మీద నుంచి ఇంటావిడ అరుపు వినపడినప్పుడు పాదంతో కాస్త గట్టిగా తొక్కేది, మిషన్ చప్పుడు పెరిగేది. తప్పు చేస్తున్నానని అనిపించేదా అంటే, అలా అనిపించడానికి కూడా మనిషి లోపల కాస్త ఖాళీ ఉండాలి. ఉదయం లేచి, జిప్పులు మార్చి, అంచులు మడిచి, కాజాలు కుట్టి, పిల్లకి తినిపించి పడుకునేది. ఈ అరుపులు నయం, ఆ మూసుకున్న కిటికీల కంటే నయం అని ఒకసారి లెక్క తేల్చుకుంది. మళ్లీ ఆ లెక్క విప్పి చూసుకోలేదు.

ఒకసారి గుట్టు రట్టయ్యేదే. ఇంటావిడ ముంగిట్లో పిల్లలందరూ కూర్చుని ఉండగా గువ్వ లేచి, అందరినీ దాటుకుని, పెరట్లోకి వెళ్లి, చుక్క చుక్కగా కారుతున్న కొళాయిని బిగించి వచ్చి కూర్చుంది. ముంగిట్లోంచి ఆ కొళాయి కనపడదు. పైనుంచి చూస్తున్న టైలరమ్మ పిల్లని లాక్కుపోదామని గబగబా రెండు మెట్లు దిగింది. ఇంటావిడ మాత్రం బుగ్గ మీద వేలు పెట్టుకుని, "చూశావుటే! వినపడకపోతేనేం, దాని కళ్లు గోడ అవతల కూడా చూస్తాయి!" అంది. జాలి పడాలని గట్టిగా నిర్ణయించుకున్న మనిషికి ఎంత సాక్ష్యం చూపించినా దండగే.

అలా రోజులు నెట్టుకొస్తుండగా ఇంటావిడ ఒక మధ్యాహ్నం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. కుర్చీలో కూలబడి, "నోరు తీపి చెయ్యవే," అంది. "మా మరిదికి చెవి మిషన్ల షాపుంది కదా. గువ్వకి ఒకటి ఇమ్మని వాడి ప్రాణం తీశాను. మంచిది, లోపల పెడితే బయటికి కూడా కనపడదట. ఆదివారం తెస్తున్నాడు. ముంగిట్లోనే పెట్టిద్దాం, అందరూ చూస్తామంటున్నారు."

టైలరమ్మ చేతిలో ఒక చొక్కా కాలరు ఉంది. కుట్టు అలాగే కొనసాగించింది.

"ఎందుకండీ పిన్నిగారూ, మీకు శ్రమ."

"శ్రమేంటే పిచ్చిదానా. నాదొక్కటే కోరిక. అది పెట్టగానే ముందు ఎవరూ నోరు విప్పకూడదు. దాని చెవిన పడే మొట్టమొదటి గొంతు నాదవ్వాలి. నాకేం, పిల్లాజెల్లా లేరు. ఇదొక్కటి ఇవ్వు."

అంటుంటే ఆవిడ కళ్లు తడిశాయి. బల్ల కింద గువ్వ రెండు చెవులూ మూసుకుని ఉంది. ఇంటావిడ వంగి ఆ పిల్లని చూసి, "ఇంకెన్నాళ్లులేవే!" అని గట్టిగా ధైర్యం చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక చూసుకుంటే సూది టైలరమ్మ చూపుడువేలి గోటిలోంచి దిగిపోయి ఉంది. చక్రం వెనక్కి తిప్పి వేలు తీసుకుంది. నెత్తురు వస్తుంటే ఎవరిదో వేలు చూసినట్టు చూసింది. కాలరు మీద మరక పడకుండా పక్కన పెట్టింది, అంతే.

భర్త లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే ఫోన్లోనే ఎక్కువ కాపురం. విషయం చెబితే ఇంజను చప్పుడు మధ్య ఒకటికి రెండుసార్లు అడిగి విన్నాడు.

"బ్యాటరీ తీసేసి పెట్టించు," అన్నాడు చివరికి. "చెవిలో ఉత్త ప్లాస్టిక్కే కదా. నాలుగు రోజులు పెట్టుకుంటుంది, తర్వాత పోయిందని చెబుదాం."

"చెవి ముట్టుకోనివ్వదు. నీకు తెలుసు."

"గట్టిగా పట్టుకో మరి. ఏం చెయ్యమంటావు? మళ్లీ ఇల్లు వెతికే ఓపిక నాకు లేదే. నీకుందా?"

"లేదు," అంది. నిజంగానే లేదు. అలాగే చేద్దామనుకుంది. నిజం చెబితే ఇల్లూ, బడీ, తల నిమిరే చేతులూ అన్నీ పోతాయి. చెప్పకపోతే పోయేది పిల్ల చెవులు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదని ఎవరికైనా అనిపిస్తుంది, ఒకసారైనా ఇల్లు ఖాళీ చెయ్యమనిపించుకోని వాళ్లకి.

ఆదివారం ముంగిట్లో కుర్చీలు వేశారు. స్టీలు కొట్టాయన పరీక్షకి పనికొస్తాయని పళ్లెం, గరిటె వెంట తెచ్చుకున్నాడు. ఇంటావిడ మంచి చీర కట్టుకుంది. మరిది సన్నటి మనిషి, చేతిలో చిన్న పెట్టె. గువ్వని చూశాడు, తల్లిని చూశాడు.

"పరీక్షలు ఎక్కడ చేయించారమ్మా? కాగితాలేమైనా ఉన్నాయా?"

"ఇల్లు మారేటప్పుడు పోయాయి."

"అవి లేకుండా పెట్టకూడదండీ అసలు. ఎంత వినపడుతుందో తెలియకుండా..."

"బాగా తెలుసు, ఏమీ వినపడదు," అంది ఇంటావిడ. "ఇన్నాళ్లూ నేను గొంతు చించుకోవట్లేదూ! నువ్వు పూర్తిగా పెంచి పెట్టు."

బ్యాటరీ టైలరమ్మ చేతికి రానే లేదు. అతను అక్కడే దాన్ని లోపల వేసి మూత నొక్కేశాడు. "పిల్లని కదలకుండా పట్టుకోండి," అన్నాడు.

పట్టుకుంది. మెట్టు మీద కూర్చుని గువ్వని ఒళ్లోకి లాక్కుని, రెండు చేతులూ చుట్టేసి బిగించింది. పెనుగులాడుతుందనుకుంది. దానికోసమే కాళ్లు కూడా గట్టిగా ఆనించుకుంది. గువ్వ పెనుగులాడలేదు. ఇంట్లో ఏ చప్పుడుకైనా భయపడితే తల్లి అలాగే చుట్టేసి, అలాగే బిగించి పట్టుకునేది. ఆ పట్టు పడితే చప్పుడు ఇక అయిపోయినట్టేనని ఆ పిల్లకి లెక్క. అందుకని ఒళ్లంతా వదిలేసింది. చెవుల మీది చేతులు తనంతట తనే తీసేసింది. తల్లి గుండెకి తల ఆనించి, గొంతులో కుట్టు మిషన్ రాగం మొదలుపెట్టింది.

మరిది మిషన్ని ఆ చెవి దగ్గరికి తెస్తున్నాడు. ఇంటావిడ గొంతు సవరించుకుంటోంది.

"ముందు నాకు పెట్టండి," అంది టైలరమ్మ.

"నీకెందుకే?"

"నాకు పెట్టండి."

అతను తగ్గించబోతే, "పూర్తిగానే," అంది. అతను పెట్టాడు. ముంగిలంతా ఒక్కసారి ఆమె తలలోకి దూరింది. ఎవరో కుర్చీలో కదిలితే ఇనుము గీసుకుంది. పెరట్లో కొళాయి ఎక్కడో కాదు, చెవిలోనే కారుతోంది. ఒక పిల్లాడు ముక్కు ఎగబీల్చాడు. సరిగ్గా అప్పుడు స్టీలు కొట్టాయన, పాపం మిషన్ పనిచేస్తుందో లేదో చూద్దామని, పళ్లెం మీద ఒక్కటేశాడు.

టైలరమ్మ మిషన్ని చెవిలోంచి పీకేసింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఒళ్లో గువ్వ ఉలిక్కిపడి మళ్లీ చెవులు మూసుకుంది. అందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. మిషన్ ఇంకా తల్లి చేతిలోనే ఉంది.

"దీనికి వినపడుతుంది," అంది టైలరమ్మ. గొంతులో ఏడుపూ లేదు, భయమూ లేదు, కొలతలు చెప్పినట్టు చెప్పింది. "మనందరికంటే ఎక్కువ వినపడుతుంది. చెవుడు కాదు, ఆటిజం అంటారు. జబ్బు కాదు, అంటుకోదు. పుట్టుకే అంత. పిలిస్తే తిరగదు, మొహంలోకి చూడదు, మాటలు లేవు. కానీ అన్నీ తెలుసు. చెవిలో అరిస్తే దానికి నొప్పి. పళ్లెం కొడితే నొప్పి. చప్పట్లు కొట్టినా నొప్పే."

అని గౌను చేతుల మడత విప్పి పిల్ల మణికట్టు చూపించింది. పాతవీ కొత్తవీ గాట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. స్టీలు కొట్టాయన పళ్లెం వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో "ఎంత అబద్ధం!" అన్నారు. ఇంకెవరో "ఇన్నాళ్లూ మనల్ని వెర్రివాళ్లని చేసింది," అన్నారు.

ఇంటావిడ మాత్రం అబద్ధం సంగతి ఎత్తలేదు.

"నేను దాని చెవిలో అరుస్తుంటే నువ్వు పైన కూర్చుని కాజాలు కుట్టుకున్నావా?"

"ఊఁ," అంది టైలరమ్మ.

"నా నోటితో ఆ పిల్లని కొట్టించావు కదే."

అంత పెద్ద గొంతూ ఆ మాటకి చీలిపోయింది. ఆవిడ లోపలికి వెళ్లి ధడాలున తలుపేసుకుంది. గువ్వ మణికట్టు నోటికి పోయింది.

మరునాడు వీధిలో ఎవరూ పలకరించలేదు. ఆ మరునాడూ అంతే. కుట్టడానికిచ్చిన బట్టలు పట్టుకుపోవడానికి వచ్చినవాళ్లు కూడా గుమ్మంలో నిలబడి చెయ్యి చాచి తీసుకుని వెళ్లారు. టైలరమ్మకి ఈ దారి తెలిసిందే. బాబిన్లు డబ్బాలో వేసింది, కత్తెరలకి గుడ్డ చుట్టింది, కుట్టు మిషన్ తలకాయ మరలు సడలించింది. ఈసారి కొత్త వీధిలో ఏం చెప్పాలో ఆలోచిద్దామని కూర్చుంటే ఏమీ తోచలేదు. బుర్ర ఖాళీ బీరువాలా ఉంది.

అప్పుడు గమనించింది, బల్ల కింద గువ్వ లేదని. కంగారుగా తలుపు దగ్గరికి వచ్చింది. గువ్వ మెట్ల మీద కూర్చుని ఉంది. ఈ ఇంటికి వచ్చాక తనంతట తాను బయట కూర్చోవడం ఇదే మొదలు. బొత్తాల డబ్బా తెచ్చుకుని మెట్టుకొకటి చొప్పున పేరుస్తోంది. చెవుల మీద చేతులు లేవు. కింద పిల్లలు ఆడుకుంటున్నారు, మెట్ల వైపు రావట్లేదు, చప్పట్లు కొట్టట్లేదు. స్టీలు కొట్టులో ఆయన గిన్నె మీద గిన్నె పెడుతున్నాడు, మధ్యలో కాగితం వేసి. వీధి ముఖం తిప్పుకుందో, నోరు అదుపులో పెట్టుకుందో టైలరమ్మకి తేల్చుకోవడం చేతకాలేదు. రెండూ ఒకేలా వినపడతాయి. గువ్వకి మాత్రం ఆ తేడాతో పని లేదు, హాయిగా కూనిరాగం తీస్తోంది.

కింద తలుపు తెరుచుకుంది. ఇంటావిడ బయటికి వచ్చింది. రోజూ టపటపలాడే చెప్పులు చేతిలో పట్టుకుని, ఉత్త కాళ్లతో ఒక్కో మెట్టే ఎక్కింది. బొత్తాలు తొక్కకుండా గోడని పట్టుకుని పక్కగా నడిచింది. గువ్వ కూర్చున్న మెట్టుకి రెండు మెట్లు కింద ఆగిపోయింది. పైన గుమ్మంలో టైలరమ్మ వెనక మూటలూ, మరలు సడలించిన మిషనూ కనపడుతూనే ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది, కోపంగా తల అడ్డంగా ఊపింది. తర్వాత పిల్ల వైపు తిరిగింది.

జీవితంలో ఎన్నడూ గొంతు తగ్గించి ఎరగదు. ఎక్కడ పట్టుకుని ఎలా తగ్గించాలో తెలియక మెడ నరాలు బిగిశాయి, మొహం ఎర్రబడింది. వచ్చింది మాత్రం సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టుగా ఒక బుసే.

"గువ్వా... అన్నం తిన్నావా?"

గువ్వ తల ఎత్తలేదు. బొత్తం పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగింది. రాగం ఆగింది. ఇంటావిడ కంగారుగా పైకి చూసింది.

"ఇంత చాలా?" అని అదే బుసతో తల్లిని అడిగింది.

ఎవరేమిచ్చినా చాలనడమే అలవాటైన మనిషి టైలరమ్మ. తల నిమిరితే చాలు, గంట పక్కనైనా చోటిస్తే చాలు, వెళ్లగొట్టకపోతే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. గోటిలోంచి సూది దిగిన వేలు ఇప్పుడు సలపడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని నిలబడి, కూతురి చెయ్యి వైపు చూసింది.

"ఇంకొంచెం తగ్గించండి," అంది.

ఇంటావిడ తల ఊపింది. మెట్టు మీద కూర్చుని, గొంతు పూర్తిగా వదిలేసి, ఉత్త పెదవులతో అదే మాట మళ్లీ అడిగింది. గువ్వ వంగి, తన చేతిలోని బొత్తం ఆవిడ కూర్చున్న మెట్టు మీద పెట్టింది.